కుక్కలకు బంతులు వేసిన భాయ్

పోయిన నెల భవానీపురంలో మా ఆఫీసతని చెల్లెలి పెళ్లికి వెళ్లాను. చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే, పొయ్యిల దగ్గర ఒకతను గరిటెతో నాలుగు మెతుకులు పైకి తీసి, ఒకదాన్ని వేళ్ల మధ్య నొక్కి, ఆకాశం వంక చూశాడు. అన్నం ఉడికిందో లేదో ఆకాశాన్ని అడిగేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. దగ్గరికి వెళ్లాను.

"చల్లపల్లి భాయ్ మీకు తెలుసాండీ?"

"మా గురువుగారేనండీ. పోయి ఆరు నెలలవుతోంది. మీకెలా తెలుసు? మీ ఇంట్లో ఫంక్షన్‌కి చేశారా?"

"లేదండీ. మా కుక్కలకి వండేవారు."

అతను నన్ను ఒకసారి కిందినుంచి పైదాకా చూసి, మళ్లీ గుండిగలోకి చూపు తిప్పుకున్నాడు. నేను చెప్పింది అక్షరాలా నిజం. అక్కడే నిలబడి అంతా చెప్పడానికి వీలు లేక ఇప్పుడు రాస్తున్నాను.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం ఖాయమై, చేరమనే ఉత్తరం మాత్రం రాని ఏడాది అది. మా ఊరి చివర మూతపడ్డ కోళ్లఫారం షెడ్డులో దెబ్బలు తిన్న వీధికుక్కల్ని ఉంచి చూసుకునేవాళ్లుంటే, ఖాళీగా ఉన్నాను గదా అని వాళ్లతో చేరాను. అధ్యక్షురాలు లలితా మేడం, జువాలజీ లెక్చరరుగా రిటైరయ్యారు. అంబులెన్సు శేషన్న. ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు అతనిది, సరుకు తోలే ట్రాలీ ఆటోలోనే కుక్కల్ని కూడా తోలేవాడు. లెక్కలూ, జాబితాలూ నావి. వంట భాయ్‌ది.

భాయ్ ఎలా వచ్చారన్నదాని మీద రెండు కథలున్నాయి. తానే పిలిచానని మేడం అంటారు, తానే తెచ్చానని శేషన్న అంటాడు. నేను కళ్లారా చూసింది ఇది. మోకాళ్ల నొప్పులతో పెద్ద పెళ్లిళ్లు మానేసిన ఒక పెద్దాయన టీవీఎస్ బండి మీద అటుగా పోతూ, వాసనకి ఆగి, రోడ్డు మీదనుంచే మా గిన్నెలోకి తొంగిచూసి, దొంగని పట్టుకున్న పోలీసులా అడిగారు.

"ఇది ఎవరు వండారు?"

"నేనేనండీ," అన్నారు మేడం.

"అమ్మగారూ, మీరు పాఠాలు చెప్పుకోండి."

మర్నాడు పదింటికల్లా తన గుండిగతో, తన గరిటెతో వచ్చేశారు.

ఆ గరిటె మూడడుగులుంటుంది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. వంటలో ఉప్పు వెయ్యకూడదని మేడం చెప్పిన రోజు ఆయన ముఖం చూడాలి. "ఉప్పు లేకుండా వండి ఈ వయసులో పాపం మూటగట్టుకుంటున్నా," అని రోజూ ఒకసారి అనేవారు. అయినా కోడిమెడలు వెయ్యకముందు అన్నం రుచి చూడకుండా ఏ రోజూ దించలేదు. రుచి చూసి, ముఖం చిట్లించి, "వాటి ఖర్మ," అనేవారు. ఒక రైసుమిల్లు యజమాని కూతురి పెళ్లికి తాను వండిన కథ మాకు తరచూ చెప్పేవారు. ఆ పెళ్లికి వచ్చిన జనం మొదట విన్నప్పుడు పద్దెనిమిది వందలు, వినాయకచవితికి రెండున్నర వేలు, నేను ఉద్యోగంలో చేరేనాటికి నాలుగు వేలు.

మొదట్లో తిండి పెట్టే పద్ధతి నాది. కుక్క బరువుని బట్టి గ్రాముల లెక్క, ఆ లెక్కని బట్టి ఎర్ర గిన్నె, ఆకుపచ్చ గిన్నె, పసుపు గిన్నె. వారమైనా ఏ కుక్కా తన గిన్నె గుర్తుపట్టలేదు. కుక్కలకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదని మేడం నన్ను పక్కకి పిలిచి చెప్పారు. ఆ మాటేదో గిన్నెలు కొనకముందే చెప్పాల్సింది.

భాయ్ గిన్నెల జోలికి పోలేదు, బంతులు వేశారు. మొదటి బంతి ముసలివాటికి, రోగాలున్నవాటికి. రెండో బంతి తల్లులకి, పిల్లలకి. మూడో బంతి రౌడీలకి. కుక్కలుండే గేటుకి ఇవతల, పొయ్యి పక్కన నిలబడి, మూడడుగుల గరిటెతో అవతల వరుసగా వడ్డిస్తూ, "ఏయ్, మొదటి బంతి ఇంకా లేవలేదు, ఎక్కడికి తోసుకొస్తావ్? పెళ్లివారింట్లో ఇలాగేనా?" అని గదమాయించేవారు. పది రోజుల్లో రౌడీలు కూడా గోడవారన కూర్చుని తమ బంతి కోసం చూడటం మొదలుపెట్టాయి. నేను ఆ షెడ్డులో చూసిన వింత అదొక్కటే.

పేర్ల విషయంలోనూ అంతే. దెబ్బలు తిని వచ్చినవాటికి మంచి జరగాలని మావాళ్లు ఆశగా లక్కీ అని పెట్టేవాళ్లు. అలా మా దగ్గర లక్కీలు మూడు. అందులో ఒకదానికి కాళ్లూ మూడే. నేను లక్కీ ఒకటి, లక్కీ రెండు అని నంబర్లిచ్చాను. భాయ్‌కి నంబర్లు నచ్చవు. తెల్లదాన్ని దద్దోజనమన్నారు, ముదురు గోధుమరంగు దాన్ని ఉలవచారన్నారు, గుండ్రటి నల్లపిల్లని గుత్తివంకాయన్నారు. నెల తిరక్కుండా మేడం కూడా డాక్టరుకి ఫోన్ చేసి, "గుత్తివంకాయకి విరేచనాలండీ," అని చెప్పడం విన్నాను.

మజ్జిగ పులుసు అని ఇంకొకటి ఉండేది. పేరుకి తగ్గట్టే వెలిసిన పసుపు. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే మీద బండి కింద పడితే, ఎవరో లారీ డ్రైవరు ఎక్కించుకొచ్చి మా గేటు ముందు దించి వెళ్లాడు. వెనక కాలు ఈడుస్తుంది, వయసు మళ్లింది, కరుస్తుంది. నన్ను రెండుసార్లు కరిచింది. ఎడమ చెయ్యి, కుడి పిక్క. కాలీడ్చుకుంటూ వచ్చేసరికి ఏ బంతీ మిగిలేది కాదు. దానికోసం భాయ్ ఒక గరిటెడు అన్నం అడుగున విడిగా ఉంచి, అది వచ్చాక గేటు కిందనుంచి తోసేవారు. తోసి రెండడుగులు వెనక్కి వేసేవారు.

ఆ వెనకడుగుకి మేమొక అర్థం చెప్పుకున్నాం. భాయ్ పొయ్యి పక్క గోడకి ఒక లుంగీ, చొక్కా మేకుకి తగిలించి ఉంచేవారు. పని అయ్యాక బోరు దగ్గర శుభ్రంగా కడుక్కుని, బట్టలు మార్చుకుని నమాజుకి వెళ్లేవారు. కుక్క తగిలితే ఆయన పద్ధతికి ఇబ్బంది అని మేడం మాకు క్లాసు తీసుకున్నారు. "ఒకరి నమ్మకాన్ని గౌరవించడం మన సంస్కారం. ఏ కుక్కా భాయ్ దగ్గరికి పోకుండా చూడండి." మేం సంస్కారంగా ఆయన చుట్టూ కాపలా కాసేవాళ్లం. ఆయన మహారాజులా మధ్యలో వండుకునేవారు.

ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు గుత్తివంకాయ సందులోంచి దూరి ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. రెండు నెలల పిల్ల. భాయ్ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి బియ్యం బస్తా ఎక్కేశారు.

"తియ్యి బాబూ, తియ్యి!"

తీశాను. "ఏం కాదు భాయ్, కడుక్కుంటే పోతుంది గదా," అన్నాను ఓదార్పుగా.

"కడుక్కుంటే పోయేదానికి నేనెందుకు భయపడతా? కరిస్తే పోతుందా?" బస్తా మీదనుంచే గొంతు తగ్గించారు. "ఇరవయ్యేళ్లప్పుడు ఎంగిలాకుల దగ్గర ఒకటి పట్టుకుంది. బొడ్డు చుట్టూ సూదులు. అప్పట్నుంచీ ఆ జాతంటేనే వణుకు. అమ్మగారికి చెప్పకు. ఆవిడ నన్ను చాలా నిష్ఠాపరుణ్ణనుకుంటోంది."

"మరి ఇక్కడికెందుకొస్తున్నారు?"

"ఆకలైనవాళ్లకి నేను భయపడతానని ఎలా తెలుస్తుంది? వాళ్లకి అన్నమేగా కావాలి."

నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను.

షెడ్డు యజమాని వచ్చి మాట్లాడిన రోజునుంచి అసలు గొడవ మొదలైంది. మొరుగుళ్లకి చుట్టుపక్కలవాళ్లు ఆయన మీద పడుతున్నారట. నలభై ఒకటి ఉన్నవి నెలాఖరుకి ఇరవై అయిదు కావాలి, లేకపోతే ఖాళీ చెయ్యండి అన్నాడు. ఆ మాట అంటుండగానే మజ్జిగ పులుసు వచ్చి ఆయన మడమ పట్టుకుంది. "ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండటానికి వీల్లేదు," అని రెండో షరతు అప్పటికప్పుడు చేర్చి కుంటుకుంటూ వెళ్లాడు. ఎక్కడ దొరికిన కుక్కని అక్కడే వదలాలని మా నియమం. ఆ లెక్కన మజ్జిగ పులుసు వెళ్లాల్సింది హైవే మీదకే.

"పదహారు వెళితే ఇరవై అయిదు బతుకుతాయి," అన్నారు మేడం. "ఒక్కటీ వెళ్లకపోతే నలభై ఒకటీ రోడ్డు మీద పడతాయి. ఇందులో ఏడవడానికేం లేదు, తీసివేత."

"తీసివేతలు క్లాసులో చేసుకోండి మేడం," అన్నాడు శేషన్న. "ఒక్క కుక్క గేటు దాటినా నా ఆటో ఇటు రాదు."

"మీ ఆటో ఎప్పుడు టైముకొచ్చింది గనక?"

"మీరెప్పుడు గేటు లోపలికొచ్చారు గనక? చీరకి బురదంటుతుందని బయటనుంచేగా ప్రెసిడెంటు!"

ఈలోగా నేను జాబితా తయారుచేశాను. వయసు, బరువు, కాళ్లు, పళ్లు, కోపం, టీకాలు, ఎవరైనా పెంచుకునే అవకాశం. ఒక్కోదానికి పది మార్కులు. తక్కువ వచ్చిన పదహారూ వెళ్లాలి. డెబ్భైకి పదకొండుతో మజ్జిగ పులుసు అట్టడుగున ఉంది. భాయ్ నా చేత జాబితా చదివించుకుని, గరిటె పక్కన పెట్టారు.

"బలంగా ఉన్నవాటిని ఇక్కడ కూర్చోబెట్టి, నడవలేనివాటిని రోడ్డు మీదకి పంపుతావా? ఏం చదువు బాబూ ఇది?"

జాబితాని తలకిందులు చేద్దామా అన్నాను. చేస్తే శేషన్నకిష్టమైనవన్నీ వెళ్లాల్సిన పదహారులోకి వచ్చాయి. నన్ను నాలుగు రోజులు "తమ్ముడూ" అనకుండా "ఏవండీ" అన్నాడు.

వాట్సాప్‌లో 'మూగజీవాల సేవ' అనే గ్రూపు ఉండేది. శేషన్న అందులోంచి బయటికెళ్లి 'మూగజీవాల సేవ (అసలు)' అని ఇంకోటి పెట్టాడు. పొద్దున వంతు మేడం వర్గానిది, సాయంత్రం వంతు శేషన్న వర్గానిది. ఒకరొచ్చే వేళకి ఇంకొకరు ఉండరు, ఒకరి ఫోన్ ఒకరు ఎత్తరు. నేను రెండు గ్రూపుల్లోనూ ఉండి రెండింట్లోనూ మాట్లాడకుండా తటస్థంగా ఉన్నాను. దాన్ని పిరికితనం అన్నవాళ్లు రెండింట్లోనూ ఉన్నారు.

రెండు వారాలకి నా పట్టికలో ఒక విచిత్రం కనపడింది. ప్రతి కుక్కా బరువు పెరుగుతోంది. మూడు కాళ్ల లక్కీ కూడా. గ్రాఫు గీశాను. థైరాయిడ్ జబ్బు అంటువ్యాధిలా వస్తుందా అని పశువుల డాక్టరుకి మెసేజ్ పెట్టాను. ఆయన నవ్వుతున్న బొమ్మ పంపాడు. చివరికి భాయ్‌ని అడిగాను.

"పొద్దున అమ్మగారు వండమన్నారు, వండా. సాయంత్రం వాళ్లు పెట్టి ఉండరు, నువ్వొచ్చి వండు అని శేషు ఫోన్ చేశాడు, వండా."

"రెండు పూటలా పూర్తి భోజనమా? మరి చెప్పొద్దా భాయ్?"

"ఎవరికి చెప్పాలి? ఆడపెళ్లివారు, మగపెళ్లివారు మాట్లాడుకోకపోతే మధ్యలో వంటవాడు రాయబారం చేస్తాడా? వండి పెడతాడు." గరిటె తుడుచుకుంటూ ఇంకో మాట అన్నారు. "కడుపు నిండిన కుక్క మొరగదు. యజమాని ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో చూసుకో."

చూసుకున్నాను. తొమ్మిది రోజులు.

కానీ యజమాని షరతులు అలాగే ఉన్నాయి. రోజులు దగ్గర పడుతుంటే భాయ్ వంట అవగానే టీవీఎస్ వేసుకుని ఎక్కడికో పోవడం మొదలుపెట్టారు. దివిసీమలో సగం మంది పెళ్లిళ్లకి ఆయన చేతి అన్నం తిన్నవాళ్లే. ఆ పరిచయాలన్నీ తవ్వి తీశారు. రొయ్యల చెరువులవాళ్లు, టెంటు సామాన్ల గోడౌనువాళ్లు, ఫంక్షన్ హాలు వాచ్‌మన్ ఒక్కొక్కరే వచ్చేవాళ్లు. కాపలాకి కుక్క కావాలి.

కుక్కని పెంచుకునేవాళ్ల కోసం నేను తయారుచేసిన ఫారంలో ఇరవై మూడు ప్రశ్నలున్నాయి. ఏడో ప్రశ్న, కుక్క పడుకునే గది వైశాల్యం ఎంత. చెరువాయన దాన్ని రెండుసార్లు చదువుకుని, "నాకే గది లేదండీ. గట్టు మీద పాక," అన్నాడు. మేడం ఫారం వెనక్కి తీసేసుకున్నారు.

భాయ్ అడిగింది ఒక్కటే. "నీ దగ్గర రోజూ పొయ్యి వెలుగుతుందా?"

"వెలగకేం భాయ్? నలుగురం ఉంటాం గట్టు మీద."

"ఇచ్చెయ్యండి అమ్మగారూ. మీ ఫారం ప్రకారమైతే నన్ను కూడా ఎవరూ పెంచుకోకూడదు."

మేడం నవ్వు ఆపుకోలేక సంతకం చేశారు. కుక్కని ఎలా పంపుతారో చూస్తానని శేషన్న ఆ చెరువు మీదకి యుద్ధానికి వెళ్లి, చేపల పులుసు తినొచ్చాడు. మర్నాటినుంచి తోలడానికి ఆటో తానే తెచ్చాడు, ముఖం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాడు. గోడౌనుకి పంపిన దద్దోజనం ఆరు కిలోమీటర్లు నడిచి రెండో బంతి వేళకి తిరిగొచ్చింది. పొయ్యి సంగతి భాయ్ సరిగ్గా కనుక్కోలేదన్నమాట. ఆయన ఒప్పుకోలేదు. "దానికి తోడు లేక వచ్చింది," అని దాన్ని, ఉలవచారుని కలిపి ఫంక్షన్ హాలుకి పంపారు. ఉండిపోయాయి.

అలా పదిహేను వెళ్లాయి. మజ్జిగ పులుసుని మాత్రం ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లలో ఇద్దర్ని కరిచింది కూడా.

గడువు చివరి రోజు పొద్దున కాగితం మీద రాశాను. మజ్జిగ పులుసు, హనుమాన్ జంక్షన్, శేషన్న ఆటో, పదకొండు గంటలు. శేషన్న కాగితం చూసి తాళాలు జేబులో వేసుకున్నాడు. "నేను తోలను." మేడం అది చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. కుక్క గేటు కింద అన్నం కోసం ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి తింటోంది.

భాయ్ పొయ్యి ఆర్పి, "మా ఇంటికి పంపండి," అన్నారు.

"మీ ఇంటికా?" మేడం కంగారుపడ్డారు. "ఇంట్లో ఒప్పుకుంటారా? మీకసలు ముట్టుకోవడమే..."

"ఇంట్లోకి కాదమ్మా. వెనకాల గిన్నెల షెడ్డుంది. అక్కడ ఉంటుంది."

నేను భాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. బోనులోకి అది ఎక్కదు, క్రితంసారి ఊచలు కొరికి పన్ను విరగ్గొట్టుకుంది. నన్ను చూస్తేనే గుర్రుమంటుంది. ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి, అది నమ్మేవాళ్లెవరైనా. అది నమ్మేది గరిటెనొక్కదాన్నే.

భాయ్ పొయ్యి పక్కనుంచి రెండు మసిగుడ్డలు తీశారు. వేడి గుండిగ దించేటప్పుడు చుట్టుకున్నట్టే రెండు చేతులకీ చుట్టుకున్నారు. గేటు తీశారు. అన్ని నెలల్లో ఆయన ఆ గేటు దాటడం అదే మొదలు. పెదవులు కదులుతున్నాయి. వంగి, గుండిగని ఎత్తినట్టే కడుపు కింద రెండు చేతులూ వేసి, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని ఎత్తారు. అది బిత్తరపోయి కరవడం మరిచిపోయింది.

"అబ్బో, ఏం బరువే! రెండు పూటలా మెక్కావుగా," అన్నారు.

ఇంటి తనిఖీ లేకుండా ఏ కుక్కా వెళ్లడానికి వీల్లేదని మేడం ఫారం పట్టుకుని ముందు సీటు చివర ఎక్కారు. పక్కన శేషన్న తోలుతున్నాడు. ఇద్దరూ చల్లపల్లి దాకా ఎవరి వైపు రోడ్డు వాళ్లు చూశారు. వెనక ట్రాలీలో, గోనెపట్టా మీద భాయ్, ఒళ్లో మజ్జిగ పులుసు, దూరంగా నేను.

"భయంగా ఉందా భాయ్?"

"ఉంది. దానికీ ఉంది. నువ్వు మాట్లాడకు."

ఇల్లు వచ్చేసరికి అది నిద్రపోయింది. ఆటో చప్పుడు విని భాయ్ భార్య బయటికొచ్చింది. వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారట. మా ముందు మర్యాద కోసం తెలుగులో తిట్టింది.

"ఏంటది?"

"మెల్లగా."

"ఏంటని అడిగితే మెల్లగా అంటావేంటి? అది కుక్కేనా? దిగు ముందు."

"దిగితే లేస్తుంది. లేస్తే కరుస్తుంది. దానంతటది లేచేదాకా దిగను."

ఆమె కాసేపు కుక్కని, ఆ ఈడ్చే కాలిని, మొగుణ్ణి చూసింది. "గిన్నెల షెడ్డు దాటి ఇటు వస్తే మాత్రం నేనూరుకోను," అని లోపలికి పోయి అందరికీ టీ తెచ్చింది. పట్టపగలు, నడివీధిలో, ఎండలో మేం ఆటోలో కూర్చుండిపోయాం.

మేడం ఉండబట్టలేక శేషన్నతో అన్నారు. "మొదటే ఇలా ఒక్కోదానికి చోటు వెతికితే..." భాయ్ వేలు పైకెత్తారు. మేడం గొంతు తగ్గించి, "ఇంత గొడవ ఉండేది కాదు," అని ముగించారు.

శేషన్నకి కోపమొచ్చింది. ఏదో గట్టిగా అనబోయి, వేలు చూసి, గుసగుసగా అన్నాడు.

"ఏంటి? వినపడలేదు," అన్నారు మేడం, అటు జరిగి.

శేషన్న మళ్లీ చెప్పాడు. ఈసారి సగమే చెప్పినట్టున్నాడు.

"ఆఁ?"

"ఏం లేదులెండి మేడం. టీ చల్లారిపోతోంది, తాగండి."

గుసగుసలతో పోట్లాట నడవదు. కాసేపటికి ఇద్దరూ మిగిలిన ఇరవై అయిదింటికి వంతులెలా వేసుకోవాలో మాట్లాడుకుంటున్నారు, అదీ చెవిలో చెప్పుకున్నట్టు.

నేను టీ గ్లాసు అందిద్దామని భాయ్ దగ్గరికి జరిగాను. "కాళ్లు తిమ్మిరెక్కాయా?"

"ఎక్కి చాలాసేపైంది. ఉండనీ."

అప్పుడు చూశాను. మసిగుడ్డలు రెండూ గోనెపట్టా మీద పడి ఉన్నాయి. ఆయన అరచెయ్యి కుక్క వీపు మీద ఉంది, దాని ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ. ఎప్పుడు తీశారో ఆయనకే తెలిసినట్టు లేదు. చెబితే చెయ్యి తీసేస్తారేమోనని నేను చెప్పలేదు.